ఫోర్‌స్ట్రోక్ చిన్న ఇంజను: తొలి గంట



సెలవునాటి ఉదయమున ఊరిబయటి మైదానములో రేడియో సాయముతో చిన్న విమానములను ఎగురవేయువారి నడుమ ఎప్పుడైనను నిలిచి విన్నవారికి రెండు విధములైన ధ్వనులు చెవిని పడియుండును. ఒకటి చెవులు గింగురుమనునట్లు కీచుమని సాగు టూస్ట్రోక్ ఇంజను ధ్వని. రెండవది అంతకంటె నెమ్మదియైనది, లోతైనది. నిజమైన విమానమేదో దూరమున పోవుచున్నదా యని తల పైకెత్తి చూడవలెననిపించు మంద్రధ్వని. అది ఫోర్‌స్ట్రోక్ ఇంజనుది. నేడు మీతో ముచ్చటింపదలచినది ఈ రెండవదానిని గూర్చియే. అట్టి ఇంజనును క్రొత్తగా కొనితెచ్చుకొన్న పిమ్మట దాని తొలి గంటను ఎట్లు గడపవలెను, అటుపై దానిని ఎట్లు ట్యూన్ చేయవలెను అనునది నా విషయము.

అసలు మాట ముందుగానే చెప్పెదను. నడుమ నడుమ మరల మరల చెప్పెదను. ఈ ఇంజనుకు ఇంధనము ఒకింత ఎక్కువైనను ఫరవాలేదు, తక్కువ కారాదు. తొలి గంటలోను అంతే, తరువాతి సంవత్సరములలోను అంతే. ఎక్కువైనచో కొంత శక్తి తగ్గును, కొంత నూనె విమానముపై చిమ్మును. గుడ్డతో తుడిచిన పోవును. తక్కువైనచో లోపలి లోహము కాగి, రాచుకొని, తిరిగి రాని నష్టము వాటిల్లును.

నాలుగు గతుల ఇంజనును జర్మనీలో నికొలాస్ ఒట్టో నిర్మించినది 1876లో. దానిని అరచేతిలో ఇముడునంతటి పరిమాణమునకు కుదించి, విమాన నమూనాల కొరకు విరివిగా తయారుచేసి, సామాన్యుడు దుకాణములో కొనుక్కొనగల వస్తువుగా చేసినది జపానులోని ఒసాకా నగరమునకు చెందిన ఓ.ఎస్. సంస్థ. వారి ఎఫ్.ఎస్.-60 అను ఇంజను వచ్చినది 1976లో, అనగా ఒట్టో పిమ్మట సరిగా నూరేండ్లకు. ఆ వెనుక సైటో, ఎన్యా, వై.ఎస్. వంటి జపాను పేరులు మైదానములలో మారుమ్రోగినవి. నేడు విద్యుత్ మోటారులు అంతటను వ్యాపించినను, ఆ ధ్వని కొరకు, ఆ నూనె వాసన కొరకు, చేతితో సవరించి చెవితో సరిచూచుకొను ఆ పని కొరకు ఈ ఇంజనులను విడువలేనివారు ఉన్నారు. నేనును వారిలో ఒకడను.

ఆ ధ్వని అంత నెమ్మదిగా ఉండుటకు కారణము గ్రహించినచో తక్కిన విషయమంతయు సుబోధమగును. ఈ ఇంజనులో పిస్టను నాలుగు మారులు కదలినగాని ఒక పని పూర్తి కాదు. క్రిందికి దిగుచు గాలిని, ఇంధనపు ఆవిరిని లోనికి పీల్చుకొనును. పైకి లేచుచు దానిని నొక్కిపెట్టును. అది అంటుకొని మండగా ఆ బలముచే మరల క్రిందికి నెట్టబడును. తిరిగి పైకి లేచుచు కాలిన పొగను వెలికి త్రోయును. పీల్చుట, నొక్కుట, మండుట, వెడలగొట్టుట. ఈ నాలుగును జరుగులోపల ప్రొపెల్లరు రెండు చుట్లు తిరుగును. కావున నిమిషమునకు 9,000 చుట్లు తిరుగు ఫోర్‌స్ట్రోకులో సెకనుకు 75 పేలుళ్ళు మాత్రమే జరుగును. 12,000 చుట్లు తిరుగు టూస్ట్రోకులోనో, ప్రతి చుట్టుకు ఒక పేలుడు చొప్పున, సెకనుకు 200. ఆ కీచుదనమునకు, ఈ గాంభీర్యమునకు భేదము ఇదియే.

రెండు చుట్లకు ఒక్కమారే మంట. ఈ మాట మనసున ఉంచుకొనుడు. ఏలయన, మన మోటారుసైకిళ్ళలో వలె ఇందు నిప్పురవ్వను పుట్టించు స్పార్క్‌ప్లగ్గు లేదు. గ్లోప్లగ్గు అను చిన్న ప్లగ్గు కలదు. దానిని 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనునతడు బజారుకు తెచ్చెను. అందు ప్లాటినము కలిసిన సన్నని తీగచుట్ట యొకటి ఉండును. ఇంజను మొదలుపెట్టునపుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దానిని ఎఱ్ఱగా కాల్తుము. ఇంజను నడువసాగిన పిమ్మట బ్యాటరీ తీసివేసినను తీగ చల్లారదు. మెథనాల్ ఆవిరి ప్లాటినమును తాకినంతనే జరుగు రసాయనిక చర్యయు, సిలిండరులోని మంటయు కలిసి దానిని ఎఱ్ఱగానే నిలుపును. అయితే ఫోర్‌స్ట్రోకులో ఒక మంటకును మరియొక మంటకును నడుమ చల్లని మిశ్రమము లోనికి వచ్చి తీగను తాకుచుండును గనుక, అంత సేపు వేడిని నిలుపుకొనగల ప్లగ్గు కావలెను. అందులకే ఫోర్‌స్ట్రోకులకు ప్రత్యేకమైన వేడిరకపు ప్లగ్గులు అమ్ముదురు. టూస్ట్రోకు పెట్టెలోని పాత ప్లగ్గును దీనికి బిగించి, బ్యాటరీ తీయగానే ఇంజను నీరసించిపోవుచున్నదని ఇంజనును నిందించువారిని చూచితిని. దోషము ప్లగ్గుది.

ఇక ఇంధనము. పెట్రోలు కాదు. మెథనాల్ అను ఆల్కహాలు ముఖ్యద్రవ్యము. దానిలో కందెనగా నూనె, కొంత నైట్రోమీథేను కలుపుదురు. నూనెలో ఆముదము ఒక పాలైనను ఉండుట క్రొత్త ఇంజనుకు క్షేమకరము. శ్రోతలారా, మన నల్లగొండ, మహబూబ్‌నగరు ఎఱ్ఱచెల్కలలో రైతులు తరతరములుగా పండించుచు వచ్చిన ఆముదమే ఇది. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానముల రోటరీ ఇంజనులలోను దీనినే వాడిరి. అత్యుష్ణమునందును ఆముదము లోహమును అంటిపెట్టుకొనియే ఉండును. ఇతర నూనెలు జారిపోవు వేడిమిలో ఇది పొరగా నిలిచి కాపాడును. పైగా ఆల్కహాలులో చక్కగా కరగును. కావున తొలి గంటకు నూటికి ఇరువది పాళ్ళ వరకు నూనె ఉండి, అందు ఆముదము చేరియున్న ఇంధనమును వాడుడు. నైట్రో మాటకు వచ్చిన, నూటికి పది పదిహేను పాళ్ళు చాలును.

ఒక హెచ్చరిక. మెథనాల్ విషము. చేతులకు పూసికొనరాదు, నోటితో గొట్టము పీల్చరాదు. ఎండలో దాని మంట కంటికి కనబడదు. మంట లేదనుకొని చేయి పెట్టినవానికి కాలిన పిమ్మటగాని తెలియదు.

నూనెను గూర్చి ఇంతగా చెప్పుటకు కారణము ఉన్నది. టూస్ట్రోకులో నూనె కలిసిన ఇంధనమంతయు క్రింది గదిగుండ, అనగా క్రాంక్‌కేసు గుండ, సాగిపోవును. బేరింగులన్నియు అందులో తడిసి ముద్దయగును. ఫోర్‌స్ట్రోకులో ఇంధనము సాధారణముగా పైనుండి వాల్వు గుండ నేరుగా సిలిండరులోనికి పోవును. క్రింది గదికి చేరునది పిస్టను రింగు ప్రక్కలనుండి జారివచ్చిన కొద్దిపాటి నూనె మాత్రమే. బేరింగులకు, వాల్వులను తెరచుటకై ఇంజను వేగములో సగము వేగముతో తిరుగు క్యాముకు, దానిపై ఆడు ట్యాపెట్లకు ఆ జారిన నూనెయే ఆధారము. ఇంధనము తగ్గించితిమా, నూనెయు తగ్గును. నూనె తగ్గెనా, మన కంటికి కనబడని క్యాము అరుగును. అందుచేతనే అంటున్నాను: ఇంధనము ఒకింత ఎక్కువైనను ఫరవాలేదు, తక్కువ కారాదు.

ఇక్కడ టూస్ట్రోకులలో చేయి తిరిగిన మిత్రుని సలహా ఒకటి మీ చెవిని పడవచ్చును. “క్రొత్త ఇంజనును చల్లగా నడపిన చెడును, మొదటినుండియు వేడెక్కనిచ్చి గట్టిగా నడుపుము” అని ఆయన అనును. ఆయన మాట అబద్ధము కాదు. కొన్ని టూస్ట్రోకులలో రింగు లేని పిస్టను, పైభాగమున సన్నగిల్లిన సిలిండరులో బిగువుగా ఆడును. అది వేడెక్కి వ్యాకోచించిననేగాని ఆ బిగువు సడలదు. వాటికి ఆ పద్ధతియే యుక్తము. మన ఫోర్‌స్ట్రోకులో రింగు ఉన్నది. రింగు ఉన్నదానికి నెమ్మదియైన, చల్లని, నూనె పుష్కలముగా గల ఆరంభము కావలెను. సలహా మంచిదే, ఇంజను వేరు.

రన్నింగ్-ఇన్ అని మనవారు పిలుచు ఈ తొలి గంటలో లోపల జరుగునదేమి? క్రొత్త సిలిండరు గోడపై కంటికి ఆనని గీతలుండును. రింగు అంచును పరిపూర్ణమైన వృత్తము కాదు. ఆ రెండును ఒండొంటిని తాకుచు, ఎత్తుగా నున్న మొనలు మెల్లగా అరిగి, ఒకదానికొకటి అమరవలెను. మన ఇండ్లలో క్రొత్త రుబ్బురోలు తెచ్చినంతనే పప్పు పోసి రుబ్బరు గదా. మొదట తవుడు వేసి త్రిప్పి, రాతిపొడి అంతయు అందులో దిగినదాక ఒకటికి రెండు మారులు కడిగి పారబోసి, అప్పటికిగాని పిండి పట్టరు. ఇదియు అదే పని. ఇక్కడ తవుడు స్థానమున నూనె. ఆ అరిగిన లోహపు పొడిని కడిగి బయటికి కొనిపోవునది ఆ అదనపు ఇంధనమే.

ఈ పనిని విమానములో కాక గట్టి బల్లపై చేయుట మేలు. ఇంజనును దాని చెవులకు గల రంధ్రములగుండ నాలుగు మరలతో స్టాండుకు బిగించుడు. వైసులో పట్టి నొక్కకుడు. పలుచని అల్యూమినియపు గది ఒంగిపోవును, లోపలి బేరింగులు వంకరపోవును. ఇంధనపు డబ్బాను, ఇంధనపు పాళ్ళను సవరించు కార్బురేటరు సూది మట్టమునకు సమముగా గాని, ఒక అరసెంటీమీటరు, ఒక సెంటీమీటరు దిగువగా గాని అమర్చుడు. ఈ మట్టము చిన్న విషయముగా తోచును. కాని దీనిని పాటింపక, సూదిని త్రిప్పి త్రిప్పి విసిగినవారు అనేకులు. ఎత్తైన డబ్బానుండి ఇంధనము తానై కారి సిలిండరులో నిండును. మరీ పల్లపు డబ్బానుండి పైకి రాజాలదు.

ప్రొపెల్లరును కొనునపుడు తయారీదారు పుస్తకము చెప్పిన పరిమాణములలో తేలికైనదానిని తీసికొనుడు. నట్టును గట్టిగా బిగించి, దానిపై రెండవ నట్టును తప్పక బిగించుడు. ఆ రెండవ నట్టు ఎందులకో కొంత తడవులో చెప్పెదను.

ఇక మొదలుపెట్టుదమా? తొందరపడకుడు. మొదట బ్యాటరీ తగిలింపక, ప్రొపెల్లరును చేతితో మెల్లగా రెండు మూడు చుట్లు త్రిప్పి చూడుడు. ఎక్కడనైనను గోడకు తగిలినట్లు ఆగిపోయెనా, బలము చేయకుడు. సిలిండరులో ద్రవ ఇంధనము నిండియున్నదన్న మాట. ద్రవము నొక్కిన నొక్కబడదు. విద్యుత్ స్టార్టరుతో బలవంతముగా త్రిప్పితిరా, లోపలి కనెక్టింగు రాడ్డు వంగును. ప్లగ్గును విప్పి, ఇంజనును తలక్రిందులు చేసి, త్రిప్పి, ఇంధనమును వంచివేసి, మరల మొదలుపెట్టుడు. ఇది స్టార్టరు ముట్టుకొనుటకు ముందు ప్రతి మారును చేయవలసిన పని. ప్రతి మారును, మొదట చేతితో త్రిప్పి చూడుడు.

ప్రధానపు సూదిని, అనగా మెయిన్ నీడిలును, పుస్తకము చెప్పినదానికంటె ఒక అర చుట్టు అదనముగా తెరువుడు. కార్బురేటరు నోటిని వ్రేలితో మూసి ప్రొపెల్లరును త్రిప్పగా, పారదర్శకమైన గొట్టములో ఇంధనము ప్రాకుచు వచ్చుట కనబడును. అది కార్బురేటరును చేరగానే వ్రేలు తీయుడు. బ్యాటరీ తగిలించుడు. చేతికి దళసరి తోలు తొడుగు వేసికొని గాని, కర్రతో గాని, ప్రొపెల్లరును వెనుకకు ఒక్క కొట్టు కొట్టుడు. అది నొక్కుడు బలమునకు తట్టుకొని ఎదురు తిరిగి ముందుకు దూకి అందుకొనును. ఫోర్‌స్ట్రోకులలో ఈ వెనుకకు కొట్టు పద్ధతి చక్కగా కుదురును. నడువసాగిన వెంటనే ప్రొపెల్లరు వెనుకకు జరిగి నిలువుడు. దాని చుట్టుపట్టునకు సూటిగా ప్రక్కన మీరు గాని, చూడవచ్చిన పిల్లలు గాని ఉండరాదు. సూదిని సవరించునదియు వెనుకనుండియే.

మొదటి పది నిమిషములు 4,000 చుట్లకు మించనీయకుడు. మిశ్రమము మిక్కిలి చిక్కగా ఉండవలెను. చిక్కని మిశ్రమమనగా ఇంధనమెక్కువ, గాలి తక్కువ. పలుచని మిశ్రమమనగా గాలి ఎక్కువ, ఇంధనము తక్కువ. మైదానములో వీటినే రిచ్, లీన్ అందురు. ఈ దశలో ఇంజను గొణుగుచు, తడబడుచు, తెల్లని పొగ వదలుచు, పొగగొట్టమునుండి నూనె కార్చుచు నడుచును. వినువానికి ఇదేమి ఇంజనురా యనిపించును. సరిగా ఉన్నదనుటకు గుర్తే అది. ఆ తడబాటును సవరింపబోకుడు. కొన్ని నిమిషములు నడిపి, ఆపి, చేయి ఆనించిన చల్లగా తగులువరకు ఆగి, మరల నడుపుడు. వేడెక్కుట, చల్లారుట, మరల వేడెక్కుట. నడుచుట ఎంత ముఖ్యమో చల్లారుట అంత ముఖ్యము.

ఈ తడవులో మీరు చూడదగిన దొకటి కలదు. క్రాంక్‌కేసు క్రింది భాగమున చిన్న ముక్కువంటి గొట్టము ఉండును. లోపలి గదినుండి గాలియు, జారిన నూనెయు దానిగుండ వెలికి వచ్చును. దానికొక చిన్న రబ్బరు గొట్టము తగిలించి, దాని కొనయందు తెల్లని గుడ్డపేలిక నుంచుడు. మొదట వచ్చు చుక్క బూడిదవన్నెలో ఉండును. దానిని వ్రేళ్ళ నడుమ రాచి, ఎండకు ఎదురుగా పట్టిన, అతి సూక్ష్మమైన లోహపు మెరుపు కనబడును. అది రింగుది, సిలిండరుది, క్యాముది. రెండవ డబ్బా ఇంధనము ముగియునప్పటికి ఆ బూడిదవన్నె పలుచబడును. మరికొంత నడువగా చుక్క తేటపడి లేతపసుపు రంగున దిగును. నాకు ఈ తెల్లగుడ్డ చెప్పు సాక్ష్యము గడియారము చెప్పు సాక్ష్యముకంటె మిన్న. పుస్తకము ఎన్ని నిమిషములు చెప్పినను, గుడ్డపై చుక్క ఇంకను మసిగా నున్నచో మరియొక డబ్బా నడుపుదును. ఆ చుక్క మసి మానక, మెరుపు తగ్గక, నానాటికి హెచ్చుచున్నచో ఇంజను విప్పి చూడవలసినదే.

పది నిమిషముల పిమ్మట సూదిని కొద్దికొద్దిగా మూయుచు వేగమును పెంచవచ్చును. కొన్ని సెకనులపాటు 6,000కో 7,000కో లేవనిచ్చి, వెంటనే సూదిని మరల తెరచి చల్లబడనీయుడు. ఇట్లు హెచ్చించుచు, తగ్గించుచు, మొత్తము ముప్పావు గంటయో, గంటయో బల్లపై నడుపుడు. ఆ తరువాత విమానమునకు బిగించి, సూదిని చిక్కదనము వైపుననే ఉంచి, తొలి ఎగురవేతలు గావింపవచ్చును.

విమానములో బిగించుటకు ముందు ఒక పని. వాల్వుల సందులు కొలువవలెను. ఇంజను తలపై గల చిన్న మూతలు విప్పిన, వాల్వు కొనపై ఆనియుండు రాకర్ ఆర్ము కనబడును. వాల్వు కొనకును, ఆ ఆర్మునకును నడుమ మిల్లీమీటరులో పదియవ వంతుకు మించని సందు ఉండవలెను. తొలి గంటలో ఈ భాగములన్నియు ఒండొంటిపై కూర్చుకొనుటచే ఆ సందు మారును. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే కొలువుడు. ప్రొపెల్లరును త్రిప్పి, నొక్కుడు బలము చేతికి తెలియు శిఖరస్థానమున నిలుపుడు. అప్పుడు రెండు వాల్వులును మూసికొనియుండును. ఇంజనుతో వచ్చు ఫీలర్ గేజి రేకులలో పలుచనిది సులభముగా దూరవలెను, దళసరిది దూరరాదు. దూరినచో లాక్‌నట్టు వదులుచేసి, మరను సవరించి, మర కదలకుండ పట్టుకొని నట్టు బిగించి, మరల కొలువుడు. బిగించునపుడు సందు మారుట సహజము. కావున బిగించిన పిమ్మట కొలిచినదే లెక్క. సందు బొత్తిగా లేకపోవుట చాల ప్రమాదకరము. వాల్వు పూర్తిగా మూసికొనక, నొక్కుడు బలము పోవును, వాల్వు అంచు కాలును. సందు ఎక్కువైనచో టకటకమని శబ్దము వచ్చును, కొంత శక్తి తగ్గును, అంతే.

ఇపుడు ట్యూనింగు. శ్రోతలారా, ఇది చాలమంది భయపడు భాగము. భయపడవలసినది లేదు, వరుస తప్పకున్న చాలును. వరుస ఇది: మొదట పెద్ద సూది, తరువాత చిన్న సూది, మరల పెద్ద సూది.

పెద్ద సూది పూర్తి వేగమును శాసించును. థ్రాటిలును పూర్తిగా తెరచి, సూదిని ఒక్కొక్క టిక్కుగా మూయుచు రండు. ప్రతి టిక్కునకును వేగము పెరుగును. ఒక చోటికి వచ్చుసరికి పెరుగుట ఆగును. ఇంకొక టిక్కు మూసిన, పెరుగకపోగా తగ్గును. ఆ శిఖరమును గుర్తించి, అక్కడనుండి వెనుకకు తెరచుచు వచ్చి, శిఖరమునకు 200 మొదలు 400 చుట్లు తక్కువగా ఉండునట్లు నిలుపుడు. శిఖరమును చూడుడు, శిఖరముపై నిలువకుడు. మరల చెప్పెదను. శిఖరమును చూచి, వెనుకకు వచ్చి నిలువుడు.

టూస్ట్రోకులో చిక్కదనము తగ్గినపుడు ధ్వనియే స్పష్టముగా మారును, చెవి చాలును. ఫోర్‌స్ట్రోకులో ఆ మార్పు అంత తేటగా వినబడదు. వేలమారులు విన్న చెవియు రెండు మూడువందల చుట్ల భేదమును పట్టజాలదు. కావున టాకోమీటరు కావలెను. ప్రొపెల్లరు ఱెక్కలు వెలుతురును అడ్డుకొనుటను లెక్కించి వేగమును చూపు చిన్న సాధనమది. అది నిజము చెప్పుచున్నదో లేదో ఇంటనే పరీక్షింపవచ్చును. మన దేశపు కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, పాతకాలపు ట్యూబ్‌లైటు సెకనుకు నూరు మారులు మిణుకుమనును. రెండు ఱెక్కల ప్రొపెల్లరుకు పెట్టి ఆ లైటు వైపు చూపిన, టాకోమీటరు 3,000 అని చూపవలెను. అట్లు చూపెనా, దానిని నమ్మవచ్చును. ఇంజనును కొలుచునది మాత్రము పగటివెలుతురులో. ట్యూబ్‌లైటు క్రింద కాదు.

నేలపై శిఖరముననే నిలుపరాదని ఇంతగా ఏల చెప్పుచుంటిని? విమానము గాలిలో సాగునపుడు ప్రొపెల్లరుపై బరువు తగ్గి ఇంజను మరింత వేగముగా తిరుగును. అప్పుడు ఇంధనము మరింత కావలెను. డబ్బాలో మట్టము తగ్గుచుండును. ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా లేచునపుడు డబ్బా ఇంజనుకు దిగువనగును. ఇంధనమును పైకి పీల్చుకొనవలసివచ్చును. నేలపై సరిపోయినది నింగిని చాలదు. అందుచే పరీక్ష యొకటి గలదు. సహాయకుని తోడుతో విమానమును గట్టిగా పట్టుకొని, పూర్తి వేగమున ముక్కును ఆకాశము వైపు ఎత్తుడు. వేగము నిలిచియున్నను, ఒకింత పెరిగినను మంచిదే. నీరసించెనా, మిశ్రమము పలుచనైనది. దింపి, సూదిని రెండు టిక్కులు తెరువుడు.

పలుచని మిశ్రమముతో ఫోర్‌స్ట్రోకు చేయు పని టూస్ట్రోకు చేయదు. టూస్ట్రోకు వేడెక్కి ఆగిపోవును. ఫోర్‌స్ట్రోకులో అతివేడిమిచే మిశ్రమము సమయమునకు ముందే అంటుకొని పిస్టనును ఎదురు కొట్టును. ఠక్కుమను ధ్వనితో క్రాంకు ఒక్కసారిగా ఆగును. వేగముమీద నున్న ప్రొపెల్లరు మాత్రము ఆగక, నట్టును వదులుచేసికొని ఎగిరి ముందుకు పోవును. ఇంతకు ముందు చెప్పిన రెండవ నట్టు ఇందులకే. అది ప్రొపెల్లరును దూకిపోనీయక పట్టి నిలుపును. ఎప్పుడైనను ఆ ఠక్కుమను ధ్వని వినబడెనా, నట్టు బిగించి మరల మొదలుపెట్టుట చాలదు, సూదిని తెరువుడు. రోగము నట్టులో లేదు, సూదిలో ఉన్నది.

చిన్న సూది, అనగా థ్రాటిలు ప్రక్కన గల మర, మందగతిని శాసించును. 2,000, 2,500 చుట్లవద్ద ఇంజను నిలకడగా తిరుగుచుండగా, ఇంధనపు గొట్టమును కార్బురేటరు దగ్గర వ్రేళ్ళతో నొక్కిపట్టి వినుడు. వెంటనే ఆగిపోయెనా, మిశ్రమము పలుచన. వేగము బాగుగా పెరిగి, చాలసేపు అట్లే తిరిగి, అటుపై ఆగెనా, మరీ చిక్కన. కొద్దిగా పెరిగి, మెల్లగా ఆగినచో సరిగా ఉన్నది. ఆపై థ్రాటిలును ఒక్కమారుగా తెరువుడు. తడి దగ్గు దగ్గి, పొగ చిమ్మి అందుకొనెనా, ఇంకను చిక్కదనము ఉన్నది. పొగ లేకయే చప్పున ఆరిపోయెనా, పలుచనైనది. మరను గడియారపు ముల్లు అయిదు నిమిషములు కదలునంత మాత్రమే త్రిప్పి, కొంతసేపు నడిపి, మరల వినుడు. ఒక్కమారుగా అర చుట్టు త్రిప్పువాడు ఎటు వచ్చెనో తనకే తెలియక, తిరిగి మొదటికి రావలసివచ్చును. ఇది కుదిరిన పిమ్మట పెద్ద సూదిని మరల ఒకమారు సరిచూచుకొనుడు. చిన్నదాని మార్పు పెద్దదానిపై కొంత పడును.

సూదిని ఒకసారి నిలిపిన శాశ్వతముగా అట్లే ఉండునని తలపకుడు. చలికాలపు ఉదయమున గాలి దట్టముగా ఉండును. అందు ప్రాణవాయువు ఎక్కువ. దానికి తగిన ఇంధనము కావలెను. సూదిని ఒకటి రెండు టిక్కులు తెరువవలెను. హైదరాబాదు సముద్రమట్టమునకు అయిదువందల మీటర్లకు పైన ఉన్నది. అక్కడ కుదిరిన సూది విశాఖపట్టణపు సముద్రతీరమున అట్లే సరిపోదు. అక్కడి దట్టమైన గాలికి ఇంకొంత ఇంధనము అవసరమగును. తీరప్రాంతపువారికి మరియొక మాట. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకొనును. డబ్బా మూత బిగింపక వదలిన ఇంధనముతో ఏ సూదియు కుదరదు. ఇంజనును తప్పుపట్టక, క్రొత్త ఇంధనము పోసి చూడుడు.

ఆనాటి ఎగురవేతలు ముగిసిన పిమ్మట చేయవలసినది కొంచెమే, కాని విడువరానిది. మెథనాల్, నైట్రోమీథేను కాలగా మిగిలిన శేషము ఆమ్లగుణము కలది. దానికి నీటితేమ తోడై, క్రింది గదిలోని ఉక్కు బేరింగులను తుప్పు పట్టించును. ఇంజనులో ఇంధనము మిగిల్చి ఎన్నడును వదలకుడు. డబ్బాను ఖాళీచేసి, ఇంజనును మందగతిలో మరల నడిపి, గొట్టములోని, కార్బురేటరులోని ఇంధనమంతయు కాలి తానై ఆరిపోనీయుడు. తరువాత ప్లగ్గు రంధ్రములోను, క్రింది గాలిగొట్టములోను కొన్ని చుక్కల తేలికైన యంత్రపు నూనె వేసి, ప్రొపెల్లరును చేతితో త్రిప్పి పట్టింపుడు. నెలల తరబడి వాడక ఉంచునపుడు ఇది మరింత అవసరము; లేనిచో లోపల మిగిలిన ఆముదము బంకవలె గట్టిపడి, రింగును దాని గాడిలోనే పట్టివేయును. అట్లు పట్టినదానిని బలవంతముగా త్రిప్పక, వేడిచేయు గాలియంత్రముతో బయటినుండి మెల్లగా వేడిచేసిన సడలును.

తొలి పది పన్నెండు ఎగురవేతల వరకును థ్రాటిలును ఎడతెగక పూర్తిగా తెరచి ఉంచకుడు. కొంతసేపు లేపి, కొంతసేపు మందగింపజేసి, ఇంజనుకు ఊపిరి తిప్పుకొను వ్యవధినిండు. ఆ మొదటి దినములలో తల మరలను, పొగగొట్టపు బిగింపును, ఇంజనును పట్టియుంచు మరలను ప్రతి మారును తడిమి చూడుడు. క్రొత్తవి వదులగుట సహజము. అటుపై ఒక సాయంకాలము, ఇంజను బాగుగా చల్లారిన వేళ, మరల ఆ చిన్న మూతలు విప్పి, రెండు వాల్వుల సందులును కొలిచి, సరిచేసి, సూది ఎన్ని చుట్లు తెరచియున్నదో, ఏ ప్రొపెల్లరుతో ఎంత వేగము వచ్చినదో, ఆనాటి ఎండ ఎట్టిదో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. మరుసటి చలికాలమునకు అది అక్కరకు వచ్చును.